మూడో తరగతి పిల్లలకు సాంఘిక శాస్త్రం ఎలా మొదలుపెట్టాలి: బడి గది నుంచి కృష్ణ ఒడ్డు దాకా

ఏటా బడులు తెరిచి నెల తిరగకముందే, కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లూ, ఇంటి దగ్గర పిల్లలను కూర్చోబెట్టుకొని చదివించే తల్లులూ నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. పాఠం చదివిస్తే పిల్లలు జవాబులు గడగడా అప్పజెబుతున్నారు గానీ, గోడమీది పటం దగ్గరికి పిలిచి మన ఊరు చూపించమంటే బిక్కమొహం వేస్తున్నారు, ఏం చేయమంటారు అని. విడివిడిగా ఇంతమందికి చెప్పిన సమాధానాన్నే ఇక్కడ ఒక వరుసలో రాస్తున్నాను. నేను పాఠం చెప్పింది విజయవాడలో కాబట్టి ఉదాహరణలు ఇక్కడివే; గుంటూరు, తెనాలి, మంగళగిరి వారు తమ ఊరి పేర్లు వేసుకుంటే సరిపోతుంది.

మన రాష్ట్రంలో సాంఘిక శాస్త్రం ప్రత్యేక సబ్జెక్టుగా ఆరో తరగతిలో మొదలవుతుంది. మూడు నుంచి ఐదు వరకు అది పరిసరాల విజ్ఞానంలోనే కలిసి ఉంటుంది. ఈ మూడేళ్లలో పిల్లలకు ముందు చోటు తెలియాలి, తర్వాత కాలం తెలియాలి. పరిపాలన, హక్కులు వంటివి ఆ తర్వాత వాటంతట అవే అందుతాయి. చోటు విషయంలో కూడా, పిల్లలు తాము గీసిన పటాన్ని చదవగలిగిన తర్వాతే ఇతరులు గీసిన పటాన్ని వారి ముందు పెట్టాలి. మొదటి రోజే గ్లోబు తెచ్చి బల్లమీద పెట్టడం నా దృష్టిలో తొందరపాటు. ఆ వయసు పిల్లలకు అది తిప్పుకొనే బంతి తప్ప భూమిగా కనిపించదు.

కావలసినవి

గళ్ళ నోటుబుక్కు లేదా గళ్ళ కాగితాలు, రంగు చాక్‌పీసులు, ఒక స్టీలు గ్లాసు, ఒక అగ్గిపెట్టె, అడుగు పొడవున్న నిటారు కర్ర, ఒక పెద్ద పురికొస ఉండ, బట్టల క్లిప్పులు, ఒక ప్లాస్టిక్ టబ్బు, దాన్ని సగం నింపేంత ఇసుక, ఒక స్కేలు, ఒకదానిలో ఒకటి పట్టే స్టీలు డబ్బాల సెట్టు. వీటిలో కొనవలసింది పురికొస ఒక్కటే కావచ్చు. మొత్తం పనికి రోజుకు ఒక పీరియడు చొప్పున నాలుగు వారాలు పెట్టుకోండి.

1. పైనుంచి చూడటం నేర్పండి

స్టీలు గ్లాసును బల్లమీద పెట్టి, దాన్ని పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో గీయమనండి. సగానికి పైగా పిల్లలు పక్కనుంచి కనిపించే గ్లాసునే గీస్తారు. వాదించవద్దు. గ్లాసును కాగితం మీద పెట్టి, దాని చుట్టూ పెన్సిలు తిప్పించి, గ్లాసు తీసేయండి. కాగితం మీద గుండ్రం మిగులుతుంది. అదే గ్లాసు పటం. అగ్గిపెట్టెతో, డస్టరుతో, చెప్పుతో కూడా ఇలాగే చేయించండి. కాకి మన గది కప్పు తీసేసి చూస్తే బల్లలు ఎలా కనిపిస్తాయి అని అప్పుడు అడగండి. దీనికి ఒకే ఒక్క పీరియడు పడుతుంది గానీ, దీన్ని వదిలేసిన తరగతిలో నెల తర్వాత కూడా పటంలో తలుపులు పడుకొని, కిటికీలు నిలబడి ఉంటాయి.

2. గది పటం గీయించండి

గది నేలకు కడప బండలో టైల్సో ఉంటే మీ పని సగం తీరినట్టే. ఒక బండకు కాగితం మీద ఒక గడి అని చెప్పి, గది పొడవు, వెడల్పు పిల్లల చేతనే లెక్కపెట్టించండి. ముందు గోడలు, తర్వాత తలుపు, తర్వాత నల్లబల్ల, ఆ తర్వాత బెంచీలు. నేల సిమెంటు గచ్చు అయితే చాక్‌పీసుతో రెండేసి అడుగుల గళ్ళు గీసుకోండి.

ఇక్కడ తప్పు రెండు రకాలుగా వస్తుంది. కొందరు తలుపుకు గడియ, నల్లబల్లకు అక్షరాలు కూడా వేస్తారు. వారికి గ్లాసు పాఠం మరోసారి కావాలి. మరికొందరు తాము కూర్చునే బెంచీని గదిలో సగమంత గీస్తారు. ఎనిమిదేళ్ల వయసులో తనది తనకు పెద్దగానే కనిపిస్తుంది కాబట్టి ఎర్ర సిరాతో కొట్టేయకుండా, ఆ బెంచీ కింద ఎన్ని బండలు ఉన్నాయో లెక్కపెట్టి రమ్మని పంపండి. రెండోసారి గీసినప్పుడు బెంచీ తనంతట తానే చిన్నదవుతుంది.

3. దిక్కులు: ఎక్కువ మంది తడబడేది ఇక్కడే

ఒక ఏడాది నేను ఉత్తరం ఎటు అని అడిగితే, ఒక పిల్లవాడు తల ఎత్తి ఫ్యాను వైపు వేలు చూపించాడు. తప్పు వాడిది కాదు. గోడకు వేలాడదీసిన పటం ముందు నిలబడి, పైన ఉన్నది ఉత్తరం అని వారం రోజులుగా చెబుతున్నది నేనే. ఆనాటి నుంచి దిక్కులు వచ్చేదాకా పటాన్ని గోడకు తగిలించడం మానేశాను. పటం నేలమీద ఉండాలి, దాని ఉత్తరం అసలు ఉత్తరం వైపు తిరిగి ఉండాలి, పిల్లలు దాని చుట్టూ కూర్చోవాలి.

అసలు ఉత్తరం ఎటో ముందు మీరు సరిచూసుకోండి. సూర్యుడు ఉదయించే వైపు తూర్పు అని చెప్పి ఊరుకుంటే మన ఊళ్లో చిక్కు వస్తుంది. బడులు తెరిచే జూన్‌లో సూర్యుడు సరిగ్గా తూర్పున కాక, సుమారు 24 డిగ్రీలు ఉత్తరానికి జరిగి ఉదయిస్తాడు. చేయి బారచాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు కాబట్టి, ఇది రెండున్నర పిడికిళ్ల తేడా. డిసెంబరులో ఉదయం తొమ్మిదింటికి బడి గంట కొట్టేసరికి సూర్యుడు దాదాపు ఆగ్నేయంలో ఉంటాడు. ఉదయించే సూర్యుడు సరిగ్గా తూర్పున ఉండేది మార్చి 21, సెప్టెంబరు 23 తేదీల చుట్టుపక్కలే.

మధ్యాహ్నం నీడ ఉత్తరాన్ని చూపిస్తుందనే మాట కూడా ఏడాది పొడవునా నిజం కాదు. విజయవాడ, గుంటూరు కర్కట రేఖకు దక్షిణాన ఉన్నందువల్ల, మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం వరకు మధ్యాహ్నపు నీడ కొద్దిగా దక్షిణానికే పడుతుంది. జూలైలో కర్ర పాతి, ఇదిగో ఉత్తరం అని చూపించిన టీచరు పిల్లలకు దక్షిణాన్ని నేర్పినట్టే.

ఏ నెలలోనైనా పనికొచ్చే పద్ధతి, యజ్ఞవేదికల కొలతలు చెప్పే ప్రాచీన గ్రంథాలైన శుల్బసూత్రాల కాలం నుంచి ఉన్నదే. మనం శంకుస్థాపన అంటున్నామే, ఆ శంకువు ఇక్కడ కర్ర. ఆట స్థలంలో చదునైన చోట అడుగు కర్రను నిటారుగా పాతండి. ఉదయం తొమ్మిదిన్నరకు నీడ కొస దగ్గర చిన్న రాయి పెట్టండి. కర్ర మొదట్లో పురికొస కట్టి, రాయి దాకా కొలిచి, ఆ కొలతతో నేలమీద గుండ్రం గీయండి. నీడ తగ్గుతూ లోపలికి వచ్చి, మధ్యాహ్నం తిరిగి పెరుగుతూ మళ్లీ ఆ గుండ్రాన్ని తాకుతుంది. తాకిన చోట రెండో రాయి పెట్టండి. మొదటి రాయి పడమర, రెండో రాయి తూర్పు. రెంటినీ కలిపిన గీత తూర్పు పడమర గీత. రెండు దాటిన దగ్గర నుంచి ఇద్దరు పిల్లలను కాపలా ఉంచితే ఆ క్షణం తప్పిపోదు. మబ్బు పట్టి రెండో రాయి పెట్టలేకపోతే ఆ రోజును వదిలేసి మర్నాడు మొదటి నుంచి చేయండి, అంచనాతో పూర్తి చేయవద్దు.

తీరిక లేనివారు ఫోనులోని దిక్సూచి వాడవచ్చు. ఇనుప బెంచీ మీద పెట్టి చూడకండి, ఫోను కవరుకు అయస్కాంతం ఉంటే కవరు తీసేయండి.

మూలల కోసం మన ఇళ్లలోని మాటలే అక్కరకు వస్తాయి. ఈశాన్యంలో బరువు పెట్టకూడదని, వంటిల్లు ఆగ్నేయంలో ఉండాలని పిల్లలు ఇంట్లో వింటూనే ఉంటారు. వాస్తు మీద నమ్మకం ఉన్నా లేకపోయినా ఆ పదాలు వారికి తెలుసు. విజయవాడలో నిలబడి చూస్తే ఈశాన్యాన ఏలూరు, ఆగ్నేయాన బందరు, నైరుతిన గుంటూరు, వాయవ్యాన కొండపల్లి ఉంటాయి. ఇంత చక్కగా నాలుగు మూలలకూ నాలుగు పేర్లు దొరికే ఊరు అరుదు కాబట్టి, గది మూలలకు ఆ పేర్లే చీటీలుగా అంటించండి. పుస్తకంలో తెలుగు, ఇంగ్లిషు పక్కపక్కన ఉంటాయి గనుక ఉత్తరం అన్న చోట నార్త్ అని కూడా రాయండి. రెండూ వేరే దిక్కులనుకునే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఒకరిద్దరు ఉంటారు.

4. వచ్చిందో లేదో సరిచూడండి

ప్రశ్నలు అడిగి పరీక్షించకండి. పిల్లలను బయటకు పంపి, గదిలో ఒకచోట చింతగింజ దాచి, గది పటం మీద ఆ చోట గుర్తు పెట్టండి. ఒక్కొక్కరినీ పిలిచి పటం చేతికిచ్చి వెతకమనండి. తిన్నగా వెళ్లి తీసినవారికి పటం చదవడం వచ్చినట్టు. ఎదురు మూలకు వెళ్లినవారికి పటాన్ని గదితో పాటు తిప్పుకోవడం రాలేదు. వారిని పటం నేలమీద పరిచి తలుపును తలుపు వైపు తిప్పమనండి. సరైన వైపే వెళ్లి రెండు బెంచీలు దాటిపోయినవారు గళ్ళు లెక్కపెట్టడంలో పొరబడ్డారు. మొదటివారు వెతకడాన్ని మిగతావారు చూడకుండా జాగ్రత్తపడండి, లేకపోతే పదో పిల్లవాడు పటం చూడకుండానే గింజ తెస్తాడు.

5. గది దాటి వీధిలోకి

బడి చుట్టూ రెండు వందల మీటర్లకు మించకుండా ఒక నడక పెట్టుకోండి. ప్రధానోపాధ్యాయుల అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు, పది మంది పిల్లలకు ఒక పెద్ద: ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఆ రోజు మానేయండి. పిల్లలు అట్ట మీద కాగితం పెట్టుకొని, మలుపు వచ్చిన ప్రతిచోటా ఆగి గీయాలి. తిరిగి వచ్చాక గుర్తు తెచ్చుకొని గీస్తే కిరాణా కొట్టు, ఐస్‌క్రీం బండి మాత్రమే మిగులుతాయి. గుడికి, చర్చికి, మసీదుకు, పంపునీళ్ల కుళాయికి ఏ గుర్తు వేయాలో ముందు వారినే నిర్ణయించుకోనివ్వండి. ఎవరి గుర్తులు వారికే అర్థమై గొడవపడినప్పుడు, అందరికీ ఒకే గుర్తుల పట్టిక ఎందుకు కావాలో మీరు చెప్పకుండానే తెలుస్తుంది.

బడికి దగ్గరలో ఏలూరు కాలువో, బందరు కాలువో, రైవస్ కాలువో ఉంటే వదులుకోకండి. వంతెన మీద నుంచి ఒక ఎండుటాకు వేసి, అది ఎటు పోతుందో చూపించండి. పిట్టగోడ తక్కువ ఎత్తున్న చోట మాత్రం ఆగవద్దు, నీటి దగ్గరికి మెట్లు దిగనివ్వవద్దు. ఏలూరు కాలువ ఏలూరు వైపు, బందరు కాలువ బందరు వైపు పోతాయి. బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు కూడా అంతే. పేర్లే దిక్కులు చెబుతున్నాయని పిల్లలు కనిపెట్టిన క్షణం చూడదగ్గది. కాలువకు నీళ్లు ఆపేసిన రోజుల్లో ఆకు ప్రయోగం జరగదు, ముందు రోజు ఒకసారి వెళ్లి చూసి రండి.

సింగ్‌నగర్ వైపు పిల్లలున్న తరగతిలో మరొక జాగ్రత్త కావాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ఇళ్లు మునిగినప్పటి సంగతి వారి వీధి పటంలోకి వస్తుంది. గోడమీద నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో గీత గీసి చూపిస్తారు. గీయనివ్వండి, వినండి. వారంతట వారు చెప్పినదానికి మించి గుచ్చిగుచ్చి అడగవద్దు.

6. బ్యారేజీని టబ్బులో కట్టండి

ప్రకాశం బ్యారేజీ అంటే ఏమిటని అడిగితే ప్రతి పిల్లవాడూ బ్రిడ్జి అంటాడు. దాని మీద స్కూటరు మీద వెళ్లాడు గనుక వాడికి అది బ్రిడ్జే. పుస్తకంలోని వాక్యం ఈ అభిప్రాయాన్ని మార్చలేదు, తడి ఇసుక మార్చగలదు.

టబ్బులో తడి ఇసుక పరిచి, ఒక చివరను పుస్తకం పెట్టి కొద్దిగా ఎత్తండి. మధ్యలో వేలితో లోతైన నది తీయండి. నదికి రెండు పక్కలా, నది అడుగు కంటే వేలెడు ఎత్తులో, సన్నని కాలువలు తీయండి. పైనుంచి చెంబుతో నెమ్మదిగా నీళ్లు పోస్తే నీరంతా నదిలోనే పోతుంది, కాలువలు పొడిగా ఉంటాయి. ఇప్పుడు కాలువల మొదలు దాటిన వెంటనే నదికి అడ్డంగా స్కేలు గుచ్చి మళ్లీ పోయండి. నీటి మట్టం పెరిగి కాలువల్లోకి మళ్లుతుంది. స్కేలును కొద్దిగా పైకి ఎత్తమనండి, అది గేట్లు ఎత్తడం. ఇది కుదరకపోతే కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: కాలువలను నది అంత లోతుగా తవ్వేసి ఉంటారు, స్కేలు లేకుండానే నీరు పోతుంది. కాలువ అడుగును ఇసుకతో పూడ్చి మళ్లీ చేయండి.

దీని తర్వాత చెప్పవలసినవి రెండు మూడు మాటలే. ఇక్కడ 1855లో పూర్తయిన పాత ఆనకట్ట ఉండేది. అది 1952లో దెబ్బతిన్నాక కట్టిన బ్యారేజీ 1957లో వాడుకలోకి వచ్చింది. పొడవు సుమారు 1,223 మీటర్లు. ఆంధ్ర రాష్ట్ర మొదటి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. ఉత్తరపు ఒడ్డున విజయవాడ, దక్షిణపు ఒడ్డున సీతానగరం. తెనాలి వైపు టీచర్లు సీతానగరం దగ్గర మొదలయ్యే పడమటి డెల్టా కాలువతో ఇదే పాఠం చెప్పవచ్చు.

7. ఊరు, జిల్లా, రాష్ట్రం, దేశం: డబ్బాల సెట్టు

నువ్వు విజయవాడలో ఉన్నావా, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నావా అని అడిగి చూడండి. ఏదో ఒకటే ఎంచుకుంటారు. డబ్బాలకు చిన్నదాని నుంచి పెద్దదాని దాకా మా వీధి, విజయవాడ, ఎన్టీఆర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్, భారతదేశం అని చీటీలు అంటించి, ఒకదానిలో ఒకటి పెట్టించండి. చిన్న డబ్బాలో ఒక శనగగింజ వేసి, గింజ పెద్ద డబ్బాలో ఉందా లేదా అని అడగండి. అక్కడితో తేలిపోతుంది.

జిల్లా పేరు దగ్గర తొందరపడకండి. 2022 ఏప్రిల్ 4 వరకు విజయవాడ కృష్ణా జిల్లాలో ఉండేది. ఇంట్లో పెద్దలు ఇప్పటికీ అలాగే అంటారు, పాత కాగితాల్లోనూ అలాగే ఉంటుంది. గుంటూరు వైపు నరసరావుపేట, బాపట్ల పిల్లలకూ ఇదే తికమక. అమ్మ తప్పు చెప్పిందనకుండా, అమ్మ చదువుకున్నప్పుడు అది నిజమే అని చెప్పండి. మీ బడి గోడమీది పటం ఎప్పటిదో కూడా చూసుకోండి. 2014 జూన్ 2కు ముందు ముద్రించినదైతే తెలంగాణ కూడా మన రాష్ట్రంలోనే కనిపిస్తుంది.

8. కాలాన్ని పురికొసతో కొలవండి

పురికొస ఒక కొసను ఈ ఏడుగా తీసుకొని, అక్కడి నుంచి వెనక్కి ఏడాదికి ఒక జాన, జాన అంటే 20 సెంటీమీటర్లు అని పెట్టుకోండి. ఎనిమిదేళ్ల పిల్లవాడి జీవితం ఎనిమిది జానలు. దాని కొసన వాడి పేరు రాసిన క్లిప్పు. అమ్మ పుట్టిన ఏడు బహుశా గది చివరకు వస్తుంది. బ్యారేజీకి 14 మీటర్లు కావాలి, అంటే వరండాలోకి వెళ్లాలి. 1921లో విజయవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడు పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా నమూనా ఇచ్చిన ఏడు సుమారు 21 మీటర్ల దూరంలో ఉంటుంది. పాత ఆనకట్ట 34 మీటర్లు. సుమారు 1,500 ఏళ్ల నాటి ఉండవల్లి గుహల దాకా పోవాలంటే 300 మీటర్ల పురికొస కావాలి. అది కొనకండి, గేటు దాకా నడిపించి, ఇంకా ఆ మలుపు అవతల అని చూపించండి. తేదీలు బట్టీ పట్టించవద్దు. ఏది ముందు, ఏది వెనుక అన్నది చెప్పగలిగితే మూడో తరగతికి చాలు.

9. పెద్దలను అడిగి రమ్మనండి

మీ చిన్నప్పుడు ఎలా ఉండేది అన్న ప్రశ్న ఇచ్చి పంపితే, బాగుండేది అన్న జవాబు తెస్తారు. ఒక్కొక్కరికీ ఒకటే గట్టి ప్రశ్న ఇవ్వండి: నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చేవారు, రాత్రి ఏ దీపం పెట్టేవారు, బడికి ఎంత దూరం నడిచేవారు. ఒకే ప్రశ్నను ఇద్దరు పెద్దలను అడగమనండి. జవాబులు కలవకపోతే ఎందుకు కలవలేదో తరగతిలో మాట్లాడించండి, మీరు తీర్పు చెప్పకండి.

నేను చేసి సిగ్గుపడిన పని ఒకటి ఉంది. వృత్తుల పాఠంలో ఒక్కొక్కరినీ నిలబెట్టి, మీ నాన్న ఏం చేస్తారు అని అడిగాను. ఒక అమ్మాయి చాలాసేపు ఊరుకొని, నాన్న లేరండీ అని కూర్చుంది. ఆ పక్క వరుసలో ఇద్దరు తండ్రి పని పేరు మార్చి చెప్పారని నాకు తర్వాత తెలిసింది. ఇప్పుడు ఆ ప్రశ్న అడగను. ఈ ఉదయం నిద్ర లేచిన దగ్గర నుంచి బడికి వచ్చేలోపు ఎవరెవరి పని మీకు అందింది అని అడుగుతాను. పాలు వేసినవారు, చెత్త తీసుకెళ్లినవారు, ఆటో నడిపినవారు, అన్నం వండిన అమ్మ, అందరూ పాఠంలోకి వస్తారు, ఎవరి ఇంటి సంగతీ బయటపడదు.

10. చివరి పరీక్ష

అన్నీ అయిన రెండు వారాల తర్వాత, ముందుగా చెప్పకుండా తెల్ల కాగితం ఇచ్చి, తరగతిలో కొత్తగా చేరిన పిల్లవాడికి బడి గేటు నుంచి దగ్గరి బస్టాపుకు దారి గీసి ఇవ్వమనండి. ఉత్తరం గుర్తు, గుర్తుల పట్టిక పెట్టమని మీరు గుర్తు చేయకూడదు. కాగితాలను మీరు దిద్దకుండా జతలుగా మార్చి పంచి, ఎదుటివారి పటం మీద వేలు పెట్టి దారి చదవమనండి. వేలు ఎక్కడ ఆగిపోతే అక్కడ పెన్సిలుతో చిన్న సున్నా చుట్టి, మార్కులు వేయకుండా, గీసినవారికే తిరిగి ఇచ్చేయండి.